స్నోబ్లోయర్ ఆగర్ గేర్‌బాక్స్: మంచు పడకముందే ఆయిల్, సీళ్ళు, షియర్ పిన్నుల పని

అడిగింది క్లుప్తంగా ఇది: టూ-స్టేజ్ స్నోబ్లోయర్ (ఆగర్లనే మరల్లాంటి బ్లేళ్ళతో మంచును లోపలికి లాగి, వెనకున్న ఇంపెల్లర్ అనే రెక్కల చక్రంతో దూరంగా విసిరే యంత్రం), కొన్న దగ్గర్నుంచి ఆగర్ గేర్‌బాక్స్ ఒక్కసారీ చూడలేదు, ఇప్పుడు దాని కింద నేలమీద చిన్న నూనె మరక కనిపిస్తోంది. చలికాలం రాకముందే ఆయిల్ మార్చాలా? ఏ ఆయిల్ పొయ్యాలి? గ్రీజు గన్‌తో గ్రీజు కొట్టేస్తే సరిపోదా?

ఆయిల్ మార్చాలి. మీ బాక్స్ గ్రీజుతో నడిచే రకం కాకపోతే గ్రీజు కొట్టకండి. మరక ఉందంటే సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) సంగతీ చూడాల్సిందే. అయితే వీటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, ఎక్కువమంది వదిలేసేది కూడా అదే: ఆగర్లు రెండూ షాఫ్ట్ మీద తుప్పుతో పట్టేశాయేమో చూడడం. అవి అతుక్కుపోయి ఉంటే లోపల ఎంత మంచి ఆయిల్ ఉన్నా మొదటి గట్టి దెబ్బకే గేర్ పళ్ళు ఊడతాయి.

కారణం బాక్స్ నిర్మాణంలోనే ఉంది. ఇంజన్ నుంచి బెల్టు మీదుగా వచ్చిన శక్తి ముందు ఇంపెల్లర్ షాఫ్ట్‌ని తిప్పుతుంది. ఆ షాఫ్ట్ ముందు కొస గేర్‌బాక్స్ లోపలికి వెళ్ళి, మరలున్న ఉక్కు వార్మ్‌గా ఉంటుంది. వార్మ్ తిరిగితే దానికి ఆనుకున్న పళ్ళచక్రం తిరుగుతుంది, ఆ చక్రంతోపాటు ఆగర్ షాఫ్ట్ తిరుగుతుంది. ఇంపెల్లర్ నిమిషానికి వెయ్యి చుట్ల పైన తిరుగుతున్నా ఆగర్ వేగం సుమారు వంద చుట్ల దగ్గరే ఉంటుంది. వేగం అంత తగ్గిందంటే మెలితిప్పే బలం అంతకంత పెరిగిందన్నమాట. ఆ బలమంతా ఒకటి రెండు పళ్ళ మీద పడుతుంది. ఆ పళ్ళు చాలా యంత్రాల్లో కంచువి, వార్మ్ ఉక్కుది. అరిగితే చక్రమే అరగాలి, వార్మ్ మిగలాలి అన్న లెక్కతోనే అలా చేస్తారు.

ఆగర్ గొట్టాలు మాత్రం ఆ షాఫ్ట్ మీద వదులుగానే తొడిగి ఉంటాయి. రెండింటినీ కలిపేది ఒక్కో వైపున ఒకటో రెండో షియర్ పిన్నులు, అంతే. గడ్డకట్టిన మంచుముద్దో, మంచులో కూరుకుపోయిన వార్తాపత్రికల చుట్టో ఆగర్లో ఇరుక్కుంటే పిన్ను తెగాలి, గొట్టం షాఫ్ట్ మీద ఊరికే జారాలి, గేర్ బతకాలి. గొట్టానికీ షాఫ్ట్‌కీ మధ్య తుప్పు పట్టేస్తే ఆ రెండూ ఒకే ముక్క అయిపోతాయి. అప్పుడు పిన్ను మీద బలమే పడదు, దెబ్బ నేరుగా కంచు పళ్ళకు తగులుతుంది. గేర్‌బాక్స్ పోయింది అని వచ్చే యంత్రాల్లో పిన్నులు చెక్కుచెదరకుండా ఉండి పళ్ళు మాత్రం రాలిపోయి ఉండడం తరచుగా కనిపించేది ఇందుకే.

పని మొదలుపెట్టే ముందు ఇంజన్ ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి దూరంగా కట్టేయండి. బ్యాటరీ యంత్రమైతే బ్యాటరీని బయటకు తీసేయండి. ఆగర్లో ఏదైనా ఇరుక్కుని ఉంటే ఇంజన్ ఆగిపోయాక కూడా బెల్టు బిగువులో కొంత శక్తి మిగిలి ఉంటుంది, అడ్డు తొలగిన క్షణంలో ఆగర్ ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. కాబట్టి ఇరుక్కున్నదాన్ని కర్రతోనే తీయండి, చెయ్యి పెట్టొద్దు.

ఇక ఆగర్ల పని. షియర్ పిన్నులు తీసేసి, చేతికి గ్లౌజు వేసుకుని ఒక్కో ఆగర్‌ను పట్టుకుని తిప్పండి. షాఫ్ట్ కదలకుండా ఆగర్ ఒక్కటే నున్నగా తిరిగితే బాగున్నట్టే. అలాంటప్పుడు గొట్టం మీదున్న గ్రీజు నిపుల్‌కు గ్రీజు గన్ పెట్టి, ఆగర్‌ను తిప్పుతూ గొట్టం కొసల్లో కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టండి. తిప్పకుండా కొడితే గ్రీజు ఒక పక్కనే పేరుకుని మిగతా చుట్టూ పొడిగా మిగిలిపోతుంది. ఇక్కడ మామూలు ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు (గ్రీజు ఎంత గట్టిదో చెప్పే అంకె) గ్రీజు చాలు, నీటిని తట్టుకునే రకమైతే ఇంకా మంచిది. నిపుల్ లేని యంత్రంలో ఆగర్‌ను పక్కకు జరపగలిగినంత జరిపి, బయటపడిన షాఫ్ట్‌కు గ్రీజు రాసి వెనక్కి నెట్టాలి. పిన్ను తీయకుండా నిపుల్‌కు గ్రీజు కొట్టేసి పనైపోయిందనుకోవడం అస్సలు చాలదు. లోపల పట్టేసిందో లేదో అలా ఎప్పటికీ తెలియదు.

ఆగర్ కదలకపోతే తుప్పును వదిలించే నూనెను పిన్ను రంధ్రాల్లోంచీ, గొట్టం రెండు కొసల్లోంచీ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ఆగర్‌ను ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడిస్తూ మళ్ళీ పొయ్యండి. తొందరపడి పొడవాటి పైపు తగిలించి మెలితిప్పితే ఆ బలమంతా గేర్ పళ్ళ మీదికే వెళ్తుంది, అందుకని ఆ పక్క షాఫ్ట్‌ను పైపు రెంచ్‌తో పట్టుకుని ఆ తర్వాతే తిప్పాలి. సీల్ ఆనే చోట మాత్రం రెంచ్ పెట్టకండి, గీత పడిందంటే ఆయిల్ కారుతూనే ఉంటుంది. అప్పటికీ రాకపోతే గొట్టాన్ని వేడిచేయొచ్చు. కానీ ముందు పోసిన నూనె అంటుకుంటుంది కాబట్టి బాగా తుడిచి, ట్యాంకులో పెట్రోలు తీసేసి, ఆరుబయట చేయాలి. గేర్‌బాక్స్ సీళ్ళ దగ్గరికి వేడి చేరనివ్వకూడదు.

ఆగర్లు వదులయ్యాక పిన్నులు తిరిగి పెట్టి గేర్ ప్లే (పళ్ళ మధ్య వదులు) చూడండి. వెనక ఇంపెల్లర్ కదలకుండా ఒక చెక్కముక్క అడ్డం పెట్టి ఆగర్ అంచును ముందుకూ వెనక్కూ ఆడించండి. కొద్దిగా ఆడడం మామూలే. అంచు దగ్గర చాలా దూరం ఆడుతుంటే, లేదా ఇంపెల్లర్‌ను కర్రతో నెమ్మదిగా తిప్పినప్పుడు ఆగర్ ఒకచోట ఆగి ఒక్కసారి ముందుకు దూకుతుంటే పళ్ళు బాగా అరిగినట్టే. ఇంపెల్లర్ తిరుగుతున్నా ఆగర్ అసలు తిరగకపోతే గేర్‌బాక్స్ పక్కన బయటికి కనిపించే షాఫ్ట్‌ను చూడండి. షాఫ్ట్ తిరిగి ఆగర్ తిరగకపోతే పిన్ను తెగింది, షాఫ్టే తిరగకపోతే లోపల పళ్ళు పోయాయి.

ఇప్పుడు ఆయిల్. మీది ఏ రకం బాక్సో ముందు మాన్యువల్‌లో తేల్చుకోండి, మూడు రకాలున్నాయి. ఆయిల్‌తో నడిచేవాటికి బాక్స్ పైనో ముందు వైపునో మరల ప్లగ్గు ఉంటుంది. పలచని గ్రీజు నింపి ఫ్యాక్టరీలోనే మూసేసిన రకానికి సాధారణంగా ప్లగ్గు ఉండదు. ఇక చిన్న సింగిల్-స్టేజ్ యంత్రాల్లో రబ్బరు తెడ్లను బెల్టే తిప్పుతుంది, వాటిలో చాలావాటికి ఈ గేర్‌బాక్సే ఉండదు.

ప్లగ్గు చుట్టూ మట్టీ తుప్పూ వైరు బ్రష్‌తో శుభ్రంగా తీసి, ఆ తర్వాతే విప్పండి. రంధ్రంలో పడిన ఇసుక నేరుగా కంచు పళ్ళ మధ్యకే చేరుతుంది. ప్లగ్గు తీశాక వెంటనే కొత్త ఆయిల్ పొయ్యకండి, ముందు పాతదాన్ని చూడండి. సన్నని వైరు ముంచి తీసి తెల్ల కాగితం మీద రుద్దండి. తేనెరంగులోనో కాస్త నల్లగానో ఉండి పలచని బంగారు మెరుపుంటే అది కంచు సహజంగా అరగడం, కంగారక్కర్లేదు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయి. పొలుసులు, రవ్వలు వస్తే వాటి దగ్గర అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే అది ఉక్కు, అంటే వార్మో బేరింగో చెడుతోంది. అంటుకోకుండా పచ్చగా మెరిస్తే చక్రం పళ్ళు, అంటుకోకుండా బూడిదరంగులో ఉంటే అల్యూమినియం బాక్స్ గోడ. ఏ లోహమైనా రవ్వలు గోరుకు తగిలేంత పెద్దవైతే ఆయిల్ మార్చి ఊరుకోవద్దు, బాక్స్ విప్పించండి.

నీళ్ళు ఎలా చేరతాయన్నది చాలామందికి అంతుపట్టదు. పనిచేస్తున్నప్పుడు బాక్స్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. పని ఆపగానే చుట్టూ ఉన్న మంచుకు బాక్స్ చల్లబడి, లోపల గాలి కుంచించుకుని, బయటినుంచి పీల్చుకోవడం మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయానికే సీల్ చుట్టూ మంచు కరిగిన నీళ్ళుంటాయి. పెదవి (షాఫ్ట్‌కు ఆనే రబ్బరు అంచు) కాస్త అరిగిన సీల్‌లోంచి ఆ నీళ్ళే లోపలికి వెళ్తాయి. నీళ్ళు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి, రాత్రి గడ్డకడతాయి. పొద్దున యంత్రం స్టార్ట్ చేసి ఆగర్ లీవర్ నొక్కితే బెల్టు జారి కాలిన వాసన వస్తుంది. గట్టిపడిన నీళ్ళు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, నిండుగా ఉన్న బాక్స్ అయితే పగుళ్ళివ్వడానికి అది చాలు.

అందుకే ఆయిల్ మార్చడానికి అన్నిటికంటే మంచి సమయం చలికాలం ముగిసిన వెంటనే. నీళ్ళు కలిసిన ఆయిల్ వేసవంతా లోపల ఉంటే బేరింగులకు తుప్పు పడుతుంది. అప్పుడు చేయకపోతే ఇప్పుడైనా తప్పదు.

పాత ఆయిల్ తీయడానికి అడుగున డ్రెయిన్ ప్లగ్గు చాలా బాక్సులకు ఉండదు. సన్నని గొట్టం తగిలించిన పెద్ద సిరంజితో లాగేయడం తేలిక, శుభ్రం కూడా. పూర్తిగా దించాలంటే యంత్రాన్ని ముందుకు వంచి ఆగర్ బకెట్ (ఆగర్ల చుట్టూ ఉండే ముందు పెట్టె) మూతి నేలకానేలా నిలబెట్టాలి. దానికి ముందు పెట్రోలు తీసేయాలి, కాక్ మూసేయాలి, పక్కన ఇంకొకరు ఉండాలి. తిరిగి దించాక కాసేపాగి ఇంజన్ ఆయిల్ మట్టం చూశాకే స్టార్ట్ చేయండి. ఆయిల్ వెచ్చగా ఉంటే త్వరగా కారుతుంది కాబట్టి, పని మొదలుపెట్టే ముందే పది నిమిషాలు ఆగర్ తిప్పి ఇంజన్ ఆపడం మేలు.

తెల్లగా మారిన ఆయిల్ అయితే ఒక్కసారి దించితే చాలదు. కొత్త ఆయిల్ సగం పోసి, ఇంపెల్లర్‌ను కర్రతో ఓ ఇరవై చుట్లు తిప్పి, అదీ లాగేసి, మళ్ళీ కొత్తది పొయ్యండి. పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగొద్దు. మూలల్లో మిగిలిపోయింది కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

ఏ ఆయిల్ అన్న దానిమీద వాదాలు చాలా ఉన్నాయి, సగం వాదాలకు మాన్యువల్‌లో ఒక్క లైను చూస్తే సమాధానం దొరుకుతుంది. కొందరు తయారీదారులు ఖనిజ నూనె జీఎల్-5 80డబ్ల్యు-90 (జీఎల్ అంకె గేర్ ఆయిల్ రకం, డబ్ల్యు అంకెలు చిక్కదనం) పొయ్యమని, సింథటిక్ వద్దని రాస్తారు. ఇంకొందరు తమ సింథటిక్ తప్ప వేరేది వద్దంటారు. రెండూ నిజమే, ఎందుకంటే చక్రం లోహం, సీల్ రబ్బరు, బేరింగులు ఆయా బాక్సుల్లో వేరువేరు. మాన్యువల్ చెప్పినదాన్ని కాదని సాధారణ సూత్రంతో మార్చకండి.

జీఎల్-5 కంచును తినేస్తుందన్న మాటలో కొంత నిజముంది, కొంత అతి ఉంది. తీవ్ర ఒత్తిడిని తట్టుకోవడానికి అందులో కలిపే గంధకం, భాస్వరం రసాయనాలు జీఎల్-4 లో కంటే దాదాపు రెట్టింపు. పాత రకాల్లో ఆ గంధకం బాగా వేడెక్కినప్పుడు రాగి కలిసిన లోహాలను నల్లబరిచి కొరికేది. ఇప్పటి ఆయిళ్ళలో దాన్ని చాలావరకు అదుపు చేశారు. పైగా ఈ బాక్స్ మంచులో పనిచేసేది, కారు డిఫరెన్షియల్ అంత వేడి ఇక్కడ పుట్టదు. మాన్యువల్ దొరకని పాత యంత్రానికి జీఎల్-4 80డబ్ల్యు-90 గానీ, పసుపు లోహాలకు హాని లేదని డబ్బా మీదో కంపెనీ పత్రంలోనో స్పష్టంగా రాసిన జీఎల్-5 గానీ పొయ్యండి. ఏఎస్‌టీఎం డి130 రాగి పట్టీ పరీక్షలో 1ఏ లేదా 1బీ (రాగి దాదాపు నల్లబడలేదని అర్థం) అని ఉంటే నిశ్చింతగా వాడొచ్చు.

చలికి తగ్గ చిక్కదనం కూడా చూడాలి. ఎస్‌ఏఈ జె306 ప్రమాణం ప్రకారం 85డబ్ల్యు ఆయిల్ మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ వరకు, 80డబ్ల్యు మైనస్ 26 వరకు, 75డబ్ల్యు మైనస్ 40 వరకు 1,50,000 సెంటీపాయిజ్ చిక్కదనం దాటకుండా ఉండాలి. అంతకంటే చిక్కబడితే ఆయిల్ వార్మ్ కింద నుంచి పక్కకు జరిగి, తిరిగి రావడానికి ఆలస్యం చేస్తుంది, ఆ కాసేపూ పళ్ళు పొడిగా రాసుకుంటాయి. మామూలు గేర్లలో పళ్ళు చాలావరకు ఒకదానిమీద ఒకటి దొర్లుతాయి, వార్మ్‌లో మాత్రం రాసుకుంటూ జారతాయి. మధ్యలో ఆయిల్ పొర తెగితే నష్టం వెంటనే మొదలవుతుంది. మైనస్ 26 కంటే చలి ఎక్కువుండే చోట మాన్యువల్ ఒప్పుకుంటే 75డబ్ల్యు రకం తీసుకోండి.

ఇంకో జాగ్రత్త. వార్మ్ గేర్ల కోసమే అమ్మే సింథటిక్ ఆయిళ్ళలో కొన్ని పాలీగ్లైకాల్ రకం. అవి ఖనిజ నూనెతో కలవవు. లోపల పాతది కొంచెం మిగిలినా మడ్డి కడుతుంది. ఏ ఆధార నూనెతో చేసిందో తెలియని డబ్బాతో మట్టం సరిచేయకండి.

ఎంత పొయ్యాలంటే, ఈ బాక్సులు చిన్నవి, చాలావాటికి 90 నుంచి 200 మి.లీ. మధ్య సరిపోతుంది. ఒక లీటరు డబ్బా కడగడానికీ నింపడానికీ కలిపి చాలు. యంత్రం సమతలంగా ఉండాలి, ఆగర్ బకెట్ ఎత్తుగా ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది. కొన్నిటికి ప్లగ్గు రంధ్రం అంచు దాకా వచ్చి పొర్లితే సరైన మట్టం. కొన్నిటికి ప్లగ్గు పైన ఉంటుంది, వాటిలో అంచుదాకా నింపకూడదు. గాలికి చోటు లేకపోతే వేడెక్కిన ఆయిల్ ఒత్తిడితో సీళ్ళను బయటికి నెడుతుంది. మాన్యువల్‌లో మి.లీ. లెక్క ఇస్తే సిరంజితో కొలిచే పొయ్యండి. ప్లగ్గుకు గాలి రంధ్రం ఉన్న రకమైతే సన్నని వైరుతో ఆ రంధ్రం శుభ్రం చేయండి, అది మూసుకుపోయినా ఫలితం సీల్ కారడమే. అల్యూమినియం బాక్స్ మరలు మెత్తన, ప్లగ్గును బలం కొద్దీ బిగించొద్దు.

మీ మరక విషయం. బాక్స్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, కింద అట్టముక్క పరిచి ఒక రాత్రి ఉంచండి. చుక్క ఎక్కడ పడిందో చూస్తే ఆగర్ షాఫ్ట్ సీళ్ళలో ఎడమదా కుడిదా, ఇంపెల్లర్ వైపుదా, రెండు పెంకుల మధ్య గాస్కెట్టా అన్నది తేలుతుంది. ఆగర్ వైపు సీల్ అయితే ఇంట్లోనే మార్చుకోవచ్చు: బకెట్ పక్కల బుష్ బోల్టులు విప్పి, పిన్నులు తీసి, ఆగర్‌ను షాఫ్ట్ నుంచి లాగాలి. ఇందుకు చాలా యంత్రాల్లో బకెట్‌ను ఇంజన్ భాగం నుంచి విడదీసి ఆగర్ సెట్టు మొత్తం బయటికి తీయాల్సి వస్తుంది. ఇంపెల్లర్ వైపు సీల్ అయితే ఇంపెల్లర్‌నే షాఫ్ట్ నుంచి తీయాలి, దాని రోల్ పిన్నులు తుప్పుతో మొండికేస్తాయి, సగం రోజు పని.

పాత సీల్‌కు స్క్రూ ఎక్కించి లాగేటప్పుడు షాఫ్ట్‌ను గీకకండి. కొత్తది ఎక్కించే ముందు షాఫ్ట్ మీద తుప్పును సన్న ఎమరీ కాగితంతో చుట్టూ రుద్ది తీయండి. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంట ఆయిల్ కారుతుంది. పిన్ను రంధ్రం అంచులు సీల్ పెదవిని కత్తిలా కోస్తాయి కాబట్టి ఆ రంధ్రం మీద టేపు చుట్టి, పెదవికి గ్రీజు రాసి, స్ప్రింగు ఉన్న వైపు బాక్స్ లోపలికి ఉండేలా నెట్టండి. సీల్ బయటి అంచుకు సరిపోయే సాకెట్టో పైపు ముక్కో పెట్టి చుట్టూ సమానంగా కొట్టండి. సీల్ కొనేముందు షాఫ్ట్‌ను కాలిపర్‌తో కొలవండి. అంగుళాల లెక్కలో చేసిన షాఫ్ట్ 25.4 మి.మీ. ఉంటుంది, దానికి 25 మి.మీ. సీల్ బలవంతంగా ఎక్కుతుంది గానీ పెదవి బిగుసుకుని త్వరగా అరిగిపోతుంది.

ఒక సీజన్ గట్టెక్కాలి, విప్పే వీలు లేదు అంటే మందమైన ఆయిలో, ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రీజో కుక్కడం కొందరు చేస్తారు. అది వద్దు. ఆ గ్రేడు గ్రీజులో చక్రం తిరిగిన చోట కాలవ పడుతుంది, పక్కకు నెట్టబడిన గ్రీజు తిరిగి జారి రాదు, గ్రీజు నిండా ఉన్న బాక్స్‌లోనే పళ్ళు ఎండిపోతాయి. దానికంటే నాలుగైదు గంటల పనికోసారి మట్టం చూసుకుని సరైన ఆయిల్ కలుపుకోవడం నయం.

మూసేసిన గ్రీజు రకం బాక్స్‌కు కారడం, చప్పుడు లేకపోతే ఏమీ చేయనక్కర్లేదు. విప్పాల్సి వస్తే నింపాల్సింది ఎన్‌ఎల్‌జీఐ 00 లేదా 000 గ్రేడు, మాన్యువల్ ఏది చెబితే అది. ఇవి ముద్దగా నిలవవు, మెల్లగా పారుతూ పళ్ళ దగ్గరికి తిరిగొస్తాయి. పాత గ్రీజును పూర్తిగా తుడిచేయండి, వేర్వేరు చిక్కబరిచే పదార్థాలతో చేసిన గ్రీజులు కలిస్తే నీళ్ళలా పలచబడే ప్రమాదముంది. బాక్స్‌కు నిపుల్ ఉన్నా గన్‌తో వరసగా కొట్టొద్దు, గన్ ఒత్తిడికి సీల్ లేచిపోతుంది.

షియర్ పిన్నుల విషయంలో రాజీ వద్దు. కంపెనీ ఇచ్చే నంబరువే వాడండి, రెండు మూడు అదనంగా యంత్రం దగ్గరే ఉంచండి. చేతికందిన 8.8 గ్రేడు (గట్టి ఉక్కు) బోల్టు పెడితే సరిగ్గా అదే కొలత అయినా అది తెగదు, తెగేది చక్రం. కొన్ని పిన్నులకు గాడి ఉంటుంది, అది షాఫ్ట్‌కీ గొట్టానికీ మధ్య అంచు దగ్గర పడాలి. నట్టును గొట్టం నొక్కుకుపోయేలా బిగించకండి.

గ్రీజు గన్ చేతిలో ఉంది కదా అని వెనక కవర్ విప్పి చక్రాలు నడిపే ఫ్రిక్షన్ డిస్క్ దగ్గర మాత్రం ఏమీ రాయొద్దు. ఆ రబ్బరు చక్రం, లోహపు పళ్ళెం పొడిగా ఉంటేనే యంత్రం ముందుకు కదులుతుంది. పొరపాటున నూనె తగిలితే బ్రేక్ క్లీనర్‌తో వెంటనే తుడవండి. స్కిడ్ షూలు (బకెట్‌ను నేల నుంచి కాస్త ఎత్తి ఉంచే పక్క పలకలు) అరిగి బకెట్ నేలకు తగులుతుంటే అవీ ఇప్పుడే సరిచేయండి. చదునైన సిమెంటు మీద స్క్రేపర్‌కూ (బకెట్ కింది అంచు పట్టీ) నేలకూ మధ్య 3 మి.మీ. ఎడం చాలు, కంకర దారిలో 25 నుంచి 30 మి.మీ. ఉండాలి, లేకపోతే ప్రతి రాయీ గేర్ పళ్ళకు దెబ్బే.

అంతా బిగించాక ఐదు నిమిషాలు ఆగర్ ఖాళీగా తిప్పి, ఆపి, వైరు పీకి, మట్టం మరోసారి చూడండి. వార్మ్ కింద చిక్కుకున్న గాలి పోయి మట్టం కాస్త దిగుతుంది, అంతమేర పొయ్యండి. మొదటిసారి మంచు తీశాక మర్నాడు ప్లగ్గు విప్పి మళ్ళీ కాగితం మీద చుక్క వేసి చూడండి. తెల్లగా కనిపిస్తే సీల్ పని తర్వాతి మంచు పడేలోపే పెట్టుకోండి.